కుట్ర అనే మాట గురించి

మా బడి వార్షికోత్సవానికి తొమ్మిదో తరగతి పిల్లలు గోరటి వెంకన్న పాట 'పల్లె కన్నీరు పెడుతుందో'ను అభినయించారు. సాధన చేయిస్తుండగా ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, కుమ్మరి వేషం, కమ్మరి వేషం, సాలె వేషం అన్నీ ఇచ్చిన్రు. కుట్ర చేసినోని వేషం ఎవరికీ ఇయ్యలే. అది ఎవరెయ్యాలె?" అని అడిగింది. నేను క్షణం తడబడి, "అమెరికా వాడమ్మా" అన్నాను. అంతటితో ఆగక, "ప్రపంచ బ్యాంకు వాడు" అని కూడా అన్నాను. ఆ పిల్ల బుద్ధిగా తలూపి వెళ్ళింది. మర్నాడు ఒక కుర్రవాడికి వాళ్ళ మామ పెళ్ళికోటు తొడిగి, నల్లకళ్ళద్దాలు పెట్టి, చేతికొక సూట్‌కేసు ఇచ్చి తెచ్చి నిలబెట్టింది. ప్రదర్శన రోజున అందరికన్నా ఎక్కువ చప్పట్లు ఆ కోటువాడికే పడ్డాయి.

ఆ చప్పట్లు నన్ను ఇబ్బంది పెట్టాయి. ఆ కోటు కుట్టింది ఆ పిల్ల కాదు. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం ఏళ్ళ తరబడి కుట్టి పెట్టిన కోటు అది. ఆ పిల్ల దాన్ని తొడిగించింది, అంతే.

గత వేసవిలో ఒక కథా కార్యశాలకు వచ్చిన రాతప్రతులను చదివి అభిప్రాయం రాసే పని నాకు అప్పగించారు. పంతొమ్మిది కథలు, ఒక కట్ట కవితలు. కవితల్లో ప్రపంచం ఉంది. పాలస్తీనా ఉంది, వెనెజులా ఉంది, చమురు ఉంది, డాలరు ఉంది. కాని వాటిలో ఒక్క మనిషి ఉదయం లేచి టీ తాగి పనికిపోడు. కథల్లో మనుషులున్నారు, వాళ్ళ వంటిల్లు ఉంది, అప్పు ఉంది, మూతబడ్డ మిల్లు ఉంది. కాని ప్రపంచం లేదు. ప్రపంచం లేని లోటు రచయితకూ తెలుసు. అందుకని మూడువంతుల కథ గడిచాక ఒక పాత్ర లేచి, అంతదాకా మాట్లాడిన యాస విడిచిపెట్టి, సంపాదకీయం భాషలో "ఇదంతా సామ్రాజ్యవాదుల కుట్ర" అని ప్రకటిస్తుంది. తక్కిన పాత్రలు తలలూపుతాయి, మా బడి పిల్లలాగే. ప్రపంచ రాజకీయం నుంచి వంటింటికి వచ్చే దారి ఏదో వెదికి చూపించవలసిన చోట ఒక మాట వేసి ఆ దారిని పూడ్చేస్తున్నాం. ఆ మాట 'కుట్ర'.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పెట్టుబడి చాలావరకు దాక్కొని పనిచేయదు. రసీదు ఇచ్చి పనిచేస్తుంది. దాన్ని కనిపించనిదిగా రాసినంతకాలం మన రచన కోపం దాటి ముందుకు పోదు.

ఈ తప్పు చేయనివాడిగా నేను మాట్లాడడం లేదు. పన్నెండేళ్ళ కిందట నేనొక దీర్ఘకవిత రాశాను. 1997-98 పత్తి పంట దాని వస్తువు. వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశానికంతా తెలిసివచ్చిన సంవత్సరం అది. మాదీ పత్తి ఇల్లే. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. లద్దెపురుగు చేను మీద పడితే నాన్న భుజానికి పంపు కట్టుకొని ఏడుసార్లు మందు కొట్టాడు. పురుగు చావలేదు. నాన్న బతికి బయటపడ్డాడు, మూడెకరాల్లో ఒకటి పోయింది. ఆ సంగతిని నేను కవితలో ఎలా రాశానంటే, సముద్రాలు దాటి ఒక రాక్షసి వచ్చింది, దాని నాలుక డాలరు, అది మా నాన్న నెత్తురు తాగింది, ఈ ధోరణిలో. సభలో చదివితే మంచి పేరే వచ్చింది. ఇంటికి వచ్చి నాన్నకు వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "మంచిగనే రాసినవు బిడ్డా. గని ఆ రాకాసి నాకెన్నడు కానరాలే. నాకు మందిచ్చింది మన దుకాణపాయనె గద, పత్తి జోకుకున్నది గూడ ఆయనె" అన్నాడు.

అప్పుడు నేను లోలోపల నవ్వుకున్నాను. రైతుకు వర్గ చైతన్యం ఇంకా రాలేదు, శత్రువును స్థానికుడి దాకానే చూడగలుగుతున్నాడు అనుకున్నాను. ఎమ్మే చదివినవాడి అహంకారం! ఆ తర్వాత చాలాకాలానికి ఆయన ఇనప్పెట్టెలో ఒక దారానికి గుచ్చిపెట్టిన దుకాణం చిట్టీలు నా చేతికి వచ్చాయి. విత్తనం ఇంత, డీఏపీ ఇంత, మోనో ఇంత, ఎండోసల్ఫాన్ ఇంత, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. చివరి చిట్టీలో పత్తి తూకం, అందులోంచి తరుగు, హమాలీ, ఆ కిందే పాత బాకీ. మందు అప్పిచ్చినవాడికే పంట వేయాలి. వాడు చెప్పిందే ధర. ఆ ధర మీద నాన్నకు తెలిసింది ఒక్కటే: "బొంబాయిల పడ్డదన్నడు." నిజమే. దుకాణదారు వరంగల్ మార్కెట్టును చూస్తాడు, వరంగల్ బొంబాయిని చూస్తుంది, బొంబాయి న్యూయార్కును చూస్తుంది. న్యూయార్కులో పత్తి వాయిదా వ్యాపారం 1870 నుంచి నడుస్తున్నది. అంటే నా రాక్షసి అబద్ధం కాదు, కాని అది రాక్షసి కాదు. దానికి ఒక చేతిరాత ఉంది. ఆ చేతిరాత మా ఇంట్లోనే, ఇనప్పెట్టెలోనే ఉంది. ఇంట్లో ఉన్న కాగితాన్ని చూడకుండా నేను సముద్రాల మీదికి పోయాను.

ఈ కాగితాన్ని చూడడం మన సాహిత్యానికి చేతకాని పని కాదు. కాళీపట్నం రామారావు మాస్టారు ఏనాడో చేసి చూపించారు. 'యజ్ఞం' గురించి ఇన్నాళ్ళుగా జరిగిన చర్చంతా దాని ముగింపు చుట్టూనే తిరిగింది. సీతారాముడు తన కొడుకును తానే నరకడం సబబా, రచయిత హింసను సమర్థిస్తున్నాడా, ఇదే ప్రశ్న. ఆ చర్చ అనవసరమని అనను. కాని ఆ రక్తం మీద చూపు నిలిచిపోయినందువల్ల కథలో సింహభాగమైన దాన్ని మనం చదవకుండా దాటేశాం. ఆ సింహభాగం ఒక లెక్క. సుందరపాలెంలో దళితుడైన అప్పల్రాముడు ఎప్పుడో చేసిన అప్పు తీర్చాలా వద్దా అన్నది పంచాయితీ. అప్పు నిజం, కాగితం నిజం, ఇచ్చిన గోపన్న దుర్మార్గుడేమీ కాదు. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు ధర్మాత్ముడు, ఊరికి రోడ్డు తెచ్చాడు, బడి తెచ్చాడు, ఊరు బాగుపడాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవాడు. కోటువాడు లేడు. కుట్ర చేసినవాడెవడూ లేడు. అందరూ మంచివాళ్ళే కూర్చొని, న్యాయంగానే లెక్కగట్టి, ఒక కుటుంబాన్ని తరతరాల పాలేరుతనంలోకి తోస్తారు.

ఆ కథలో భయంకరమైనది కత్తి కాదు, ఆ న్యాయం. ఊరికి రోడ్డు వచ్చింది గనుక అభివృద్ధి వచ్చింది. రోడ్డు మీద బజారు వచ్చింది. బజారుతో పాటు ఊరి పంటకు, ఊరి పనికి, ఊరి అప్పుకు కొత్త ధర వచ్చింది. ఒకప్పుడు తిండికి లోటులేని అప్పల్రాముడు ఆ రోడ్డు మీదనే దివాలా తీశాడు. ప్రపంచం సుందరపాలెంలోకి ఎలా వచ్చిందో చెప్పడానికి మాస్టారికి న్యూయార్కు పేరు అవసరం కాలేదు, రోడ్డు చాలింది. మరి 'యజ్ఞం'లో ఉపన్యాసం లేదా అంటే, ఉంది. పంచాయితీలో ఊరి చరిత్ర చెప్పే భాగం సాగదీసినట్టుందని నా విద్యార్థులు ఫిర్యాదు చేస్తుంటారు. పదిహేనేళ్ళ వయసులో నాకూ అలాగే అనిపించింది. నాన్న చిట్టీలు చదివాక అనిపించడం లేదు.

విచిత్రమేమిటంటే అదే మాస్టారు 'కుట్ర' పేరుతోనే ఒక కథ రాశారు. విప్లవకారుల మీద ప్రభుత్వం కుట్ర కేసులు బనాయించిన కాలం అది. మాస్టారు ఆ మాటను పట్టుకొని ఎదురు తిప్పారు. దేశంలో అసలు కుట్ర ఎక్కడ జరిగిందని అడిగి, ప్రణాళికల్లో, పారిశ్రామిక విధానంలో జరిగిందని చూపించారు. భారీ పెట్టుబడి కావలసిన పరిశ్రమలు ప్రభుత్వం భుజాన, త్వరగా లాభం వచ్చే సరుకులు ప్రైవేటువాడి చేతిన. ఇందులో రహస్యమేముంది? అంతా పార్లమెంటులో చర్చించి, అచ్చువేసి పంచిన కాగితాలే. ఆయన 'కుట్ర' అన్నది రహస్యాన్ని కాదు, బహిరంగంగా జరిగి కూడా ఎవరికీ పట్టని పనిని. మనం ఆ పేరును పుచ్చుకున్నాం, దాని వెనకాల ఉన్న వెటకారాన్ని వదిలేశాం. కథగా 'కుట్ర' 'యజ్ఞం' ఎత్తుకు రాదనే నా అభిప్రాయం. అందులో వాదం నడుస్తుంది, మనుషులు నడవరు. లెక్క ఒక్కటే కథ కాదని చెప్పడానికి మాస్టారి రచనే మనకు సాక్ష్యం.

ఇక్కడ ఒక మిత్రుడు లేవదీసిన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. "నిజమైన కుట్రలు జరగలేదా? గ్వాటెమాలా మాటేమిటి? చిలీ మాటేమిటి? పెట్టుబడి రసీదులే కాదు, తుపాకులు కూడా పంపుతుంది" అన్నాడాయన. పంపుతుంది, కాదనను. 1954లో గ్వాటెమాలాలో అర్బెంజ్ ప్రభుత్వాన్ని సీఐఏ కూలదోసింది. అచ్చమైన కుట్ర, రహస్యంగానే జరిగింది. కాని దాని ముందు జరిగిన కథ చూడండి. అర్బెంజ్ భూసంస్కరణ కింద యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ బీడు పెట్టుకున్న భూమిని తీసుకొని, నష్టపరిహారంగా సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ అంకె ఆయన ఊహించింది కాదు. పన్ను తగ్గించుకోవడానికి కంపెనీ తన భూమికి తానే కాగితం మీద రాసిచ్చిన విలువ. తర్వాత అమెరికా విదేశాంగ శాఖ, కంపెనీ తరఫున, 1 కోటి 58 లక్షల డాలర్లు అడిగింది. పన్ను కట్టేటప్పుడు ఒక విలువ, పరిహారం పుచ్చుకునేటప్పుడు ఒక విలువ! మా ఊరి దుకాణంలో మందు తూకానికొక రాయి, పత్తి తూకానికొక రాయి ఉండేవని నాన్న చెప్పే మాట గుర్తొచ్చింది. సీఐఏ విమానాల గురించి మనవాళ్ళు రాయగలరు, రాశారు. ఈ రెండు అంకెల నడుమ ఉన్న నవలను ఎవరు రాస్తారు? ఆ కుట్రకు నాలుగేళ్ళ ముందే, 1950లో అచ్చయిన తన కావ్యంలో, నెరూడా ఆ పండ్ల కంపెనీని పేరు పెట్టి పిలిచాడు. రాక్షసి అనలేదు. ఏ సరుకు, ఏ కంపెనీ అని చెప్పాడు.

బ్రెష్టు ఉదాహరణ మరీ నచ్చుతుంది నాకు. 1926 ప్రాంతంలో ఆయన షికాగో గోధుమ బజారు మీద ఒక నాటకం తలపెట్టాడు. గోధుమ ధర ఎలా తేలుతుందో తెలిస్తే గాని రంగం నడవదు గదా. తెలిసినవాళ్ళనల్లా అడిగాడు. బజారులో ఉన్నవాళ్ళే సరిగా చెప్పలేకపోయారు. ఆ నాటకం పూర్తి కాలేదు. దాన్ని పక్కన పెట్టి ఆయన మార్క్సును చదవడం మొదలుపెట్టాడు. తర్వాత షికాగో మాంసం బజారును వస్తువుగా తీసుకొని వేరే నాటకం రాశాడు. మన దగ్గర క్రమం తలకిందులు. మార్క్సు ముందే వచ్చేశాడు, కనీసం సారాంశంగా. గోధుమ ధర అడిగినవాడు లేడు.

ఇక ఆ పాట దగ్గరికి మళ్ళీ వస్తాను, దానికి అన్యాయం చేసి వెళ్ళడం నాకిష్టం లేదు. 2002లో 'కుబుసం' సినిమా ద్వారా ఊరూరా వ్యాపించిన పాట అది. పల్లవి కుట్రను కంటికి కనబడనిదిగా చెబుతుంది. కాని చరణాలు వినండి. కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిశ, సాలె మగ్గం. ప్రతిదీ కంటికి కనబడేదే. ప్రతి పనిముట్టూ ఏ స్థితిలో పడి ఉందో అతి సూక్ష్మంగా చూసినవాడు తప్ప రాయలేని మాటలవి. పల్లవి చెప్పలేనిదాన్ని చరణాలు సగం చెప్పేశాయి. ఊరి కుండను ఏ గిన్నె తోసేసింది, ఊరి గుడ్డను ఏ గుడ్డ తోసేసింది అన్న తక్కిన సగానికి కవి వెళ్ళలేదు, పాటలో అంత చోటు ఉండదు కూడా. మనం చేసిన పొరపాటు ఏమిటంటే చరణాల చూపును నేర్చుకోకుండా పల్లవిలోని ఒక్క మాటను నేర్చుకున్నాం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. శత్రువు కోటు వేసుకొని బయటినుంచి వచ్చేవాడే అయితే, పల్లె మొత్తం ఒకే బాధితురాలు అయిపోతుంది. పల్లెలో దొర ఉన్నాడు, షావుకారు ఉన్నాడు, ఆవం చల్లారితే సంతోషించిన కుమ్మరి కొడుకు కూడా ఉన్నాడు. కులం కట్టిపెట్టిన పని చెయ్యనక్కరలేకపోవడం కొందరికి నష్టం కాదు, ఊపిరి. నా తరగతిలోనే ఒక కుమ్మరి పిల్లవాడు కుండ నెత్తిన పెట్టుకొని అభినయించడానికి ఒప్పుకోలేదు. కారణం చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ పాత్ర ఇంకొకడు వేశాడు. కుట్ర అన్న మాట బయటివాణ్ని పెద్దగా చూపించి లోపలివాణ్ని మాయం చేస్తుంది. మా నాన్న లోపలివాణ్ని చూశాడు, నేను బయటివాణ్ని చూశాను. ఇద్దరం చెరిసగం.

ఈ రెండు సగాలూ ఒకేచోట కనిపించే వస్తువులు ఇవాళ కొల్లలు. ఉదాహరణకు బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్టు, 450 గ్రాములది. 2002 మార్చిలో దానికి అనుమతి వచ్చింది. తొలి సంవత్సరాల్లో ప్యాకెట్టు ధర 1,600 రూపాయలకు పైమాటే. అందులో 1,250 రూపాయలు విత్తనానికి కాదు, విత్తనంలోని జన్యు గుణానికి కంపెనీ వేసుకున్న రుసుము. భూమికి కౌలు విన్నాం, గుణానికి కౌలు అప్పుడే విన్నాం. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందుకు వెళ్ళి పోట్లాడితే, ఆ ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. దీన్ని మించిన నాటకం ఏముంది? ప్రపంచ వాణిజ్యం, మేధోసంపత్తి చట్టం, రాష్ట్ర ప్రభుత్వం, దుకాణం, మా నాన్న జేబు, అన్నీ ఒక సంచిలో ఇమిడాయి. ఈ ప్యాకెట్టును అట్టు తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూసిన తెలుగు కథ నాకింకా తారసపడలేదు. విత్తనం మొలవక చచ్చిపోయిన రైతు కథలు మాత్రం డజన్లకొద్దీ చదివాను.

మొన్నమొన్నటి సంగతి తీసుకుందాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అదే నెల 19న మన ప్రభుత్వం పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి ఏరేది సరిగ్గా ఆ నెలల్లోనే. కవులు ట్రంపు మీద కవితలు రాశారు. మా ఊళ్ళో మాత్రం అది కవితగా రాలేదు. అమ్ముదామా, ఇంకో నెల ఇంట్లో పెడదామా అన్న మొగుడూ పెళ్ళాల తగువుగా వచ్చింది. పత్తి ఇంట్లో పెడితే పడుకోవడానికి చోటుండదు, ఎలుకలు చేరతాయి, నిప్పు భయం. ఆ తగువు రాస్తే ట్రంపు దానంతట అదే వస్తాడు.

అంకెలు రాస్తే అది కరపత్రం అవుతుందని భయపడేవాళ్ళున్నారు. కరపత్రాన్ని అంత తేలికగా తీసిపారేయకండి, అది వేరే విషయం. నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదులో మోటారు సైకిలు మీద ఇంటింటికి తిండి పొట్లాలు అందించే పనిలో ఉన్నాడు. వాడి యజమాని ఒక ఫోను. అంతే దూరానికి ఒక పూట ఒక కూలి, ఇంకో పూట ఇంకో కూలి. ఎందుకో చెప్పే మనిషి ఉండడు. ఇక్కడ నిజంగానే కనిపించని శక్తి ఉందని కవిత్వం చెప్పడానికి ఎంతైనా వీలుంది. వాడు కవిత్వం చెప్పలేదు. రెండు రూపాయల నోటుబుక్కు కొని తేదీ, వేళ, దూరం, చేతికొచ్చింది, పెట్రోలు, ఇవి వరసగా రాసుకుంటూ పోయాడు. పక్కన అక్కడక్కడ ఒకటి రెండు మాటలు: 'వాన', 'లిఫ్టు ఎక్కనియ్యలేదు', 'అమ్మ ఫోను చేసింది, ఎత్తలేదు'. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు చూపించాడు. ఈ ఏడాది నేను చదివిన మంచి వచనం అదే. అచ్చుకు ఇవ్వమంటే సిగ్గుపడ్డాడు. బుక్కు నిండేలోగా ఎక్కువ కూలి ఏ వేళల్లో వస్తుందో వాడికీ, వాడి గదిలోని మరో ముగ్గురికీ తెలిసిపోయిందట.

కార్యశాల రాతప్రతులను తిప్పి పంపుతూ నేను కథల అంచుల్లో విమర్శ తక్కువగా, ప్రశ్నలు ఎక్కువగా రాశాను. మిత్తి ఎంత? నెలకా, ఏడాదికా? ధర చెప్పింది ఎవరు, ఎవరిని చూసి చెప్పారు? మిల్లు మూతబడ్డ రోజున గోదాములో ఎంత నూలు ఉంది? ముగ్గురు జవాబు రాశారు. ఒకరు కోపంగా, తాను రాసింది కథే గాని బ్యాంకు దరఖాస్తు కాదని. ఆ కోపం న్యాయమైనదే కావచ్చు, నేనింకా ఆలోచిస్తున్నాను.

నా దీర్ఘకవితను మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. రాక్షసిని తీసేశాక అందులో ఎనిమిది పంక్తులు మిగిలాయి. ఇప్పుడు ఆ చిట్టీలను ఒక్కొక్కటే వరసన పెట్టుకొని రాస్తున్నాను, నాన్నను పక్కన కూచోబెట్టుకొని. మూడో చిట్టీ దగ్గర ఆగిపోయాం. కూడిక సరిగ్గా లేదని ఆయన పట్టు. ఇరవై ఏడేళ్ళకు చూశాడు. కళ్ళజోడు పెట్టుకొని, పెన్సిలు ముక్కతో మళ్ళీ కూడాడు. "రెండు వందల పది ఎక్కువ రాసిండు" అన్నాడు. తర్వాత, దాని మీద నూటికి మూడు లెక్కన ఇన్నేళ్ళకు ఎంతవుతుందో కట్టి చూడమని కాగితం నా చేతికిచ్చాడు.